గార్నెట్‌లోంచి బయల్దేరిన గీత

ఆదివారం మధ్యాహ్నం అన్నంలో రాయి తగిలింది. తగిలింది ఆయన పంటి కింద కాబట్టి ఇంట్లో అందరికీ తెలిసింది. అదే ఆమె పంటి కింద పడి ఉంటే నాలుకతో పక్కకు నెట్టి, కంచం అంచున పెట్టి, మిగతాది తినేసేది. ఆయన మాత్రం ఒక చేత్తో దవడ పట్టుకుని, రెండో చేతి వేలి చివర ఆ రాయిని నిలబెట్టి, ఎదురుగా కూర్చున్న తల్లికి చూపించి, ఆ తర్వాత భార్య వైపు తిరిగాడు.

"రాళ్ళ చదువు చదివావు. బియ్యంలో రాయి కనిపించలేదా? పోనీ, ఇదేం రాయో అదైనా చెప్పు."

అత్తగారు నవ్వింది. కొడుకు జోకు వెయ్యకముందే నవ్వడానికి సిద్ధంగా కూర్చునే మనిషి ఆవిడ. "ఉన్న చూపంతా ఆ ఆఫీసులోనే అరగదీసి వస్తోందిరా. ఇంటికొచ్చేసరికి ఇంకేం మిగుల్తుంది?" అంది.

ఆమె ఆ రాయి వైపు ఒక్కసారి చూసింది. క్వార్ట్జ్, మామూలు పలుగురాయి. విరిగిన అంచు మెరుపు చూస్తే చాలు, తెలిసిపోతుంది. చెబుదామని నోటిదాకా వచ్చింది, మంచినీళ్ళతో పాటు మింగేసింది. పందొమ్మిదేళ్ళుగా ఆ బల్ల దగ్గర ఆమె మింగినవాటిలో అన్నం కన్నా మాటలే ఎక్కువ.

నిజానికి ఆ చదువు ఇద్దరూ కలిసే చదివారు, ఒకే తరగతిలో. కాలేజీలో మైక్రోస్కోపు ముందు కూర్చుని ఆమె బొమ్మలు గీస్తుంటే ఆయన వెనక నిలబడి కాపీ కొట్టుకునేవాడు. ఆమెకి మొదటి ర్యాంకు వచ్చింది, ఆయనకి ఉద్యోగం వచ్చింది, ఇద్దరికీ పెళ్ళయింది. ఆమెకి కూడా ఉద్యోగానికి పిలుపొచ్చిన రోజున అత్తగారు వంటింటి గుమ్మంలో నిలబడి అడిగిన ప్రశ్న ఆమెకి ఇప్పటికీ అక్షరం పొల్లుపోకుండా గుర్తుంది. "ఇద్దరూ కొండలూ గుట్టలూ పట్టుకు తిరిగితే ఇల్లెవరు చూస్తారమ్మా?" జవాబు చెప్పాల్సిన మనిషి ఆ పూట పేపరు చదువుకుంటున్నాడు. చివరికి ఎనిమిదేళ్ళ తర్వాత, ఆయన ఆఫీసులోనే, ఆయన దయవల్లేనని అందరూ అనుకునేలా, స్లైడ్ల గదిలో టెంపరరీ పని దొరికింది. ఈ పదకొండేళ్ళలో అక్కడ ఆమె అసలు పేరు ఎవరికీ పనిపడలేదు. అందరూ స్లైడ్లమ్మ అంటారు. డైరెక్టరు కూడా అంతే.

స్లైడ్లమ్మ పని చూడ్డానికి చిన్నది. రాయిని రంపంతో బిళ్ళలా కోసి, గాజు పలకకు అంటించి, పొడి వేసి అరగదీసి అరగదీసి తల వెంట్రుకలో సగం మందానికి తేవాలి. అప్పుడు ఎంత మొండి రాయిలోంచైనా వెలుతురు దూరుతుంది. ఆ తర్వాత అద్దంలా మెరిసేదాకా పాలిష్ పట్టాలి. పలక బాగా కుదిరితే దాన్ని చూసి పై అంతస్తులో ఆఫీసర్లు వ్యాసాలు రాస్తారు. కుదరకపోతే కింద అంతస్తుకు తిట్లు వస్తాయి. సొమ్మొకడిది సోకొకడిది అన్న సామెత ఆ మేడమెట్ల మీదే పుట్టి ఉంటుందని ఆమె నమ్మకం.

మూడేళ్ళ కిందట ఆయన ఓ క్వారీ నుంచి నైస్ అనే చారల చారల రాళ్ళు తెచ్చాడు. నిండా ఎర్రటి గార్నెట్ గింజలు. వాటితో చేసిన ప్రతి పలకా పాలిష్ దగ్గరకొచ్చేసరికి గీతలు పడిపోయింది. ఒకటి కాదు, పదకొండు. గుడ్డ మార్చింది, పొడి మార్చింది, నీళ్ళు మార్చింది. డైరెక్టరు పలకను కిటికీ వెలుగులో అటూ ఇటూ తిప్పి, "ఆడలేక మద్దెలోడని, చెయ్యి తిరక్క తప్పు రాయి మీద పెడతావేంటమ్మా?" అన్నాడు. భర్త పక్కనే ఉన్నాడు. ఇంటికొచ్చాక ఇంకోలా అన్నాడు. "నా పరువు తియ్యడానికే చేస్తున్నావా?"

ఆ తిట్లు పడ్డ చేతులకే అసలు సంగతి తెలిసింది. గీతలన్నీ గార్నెట్ల లోంచే బయల్దేరుతున్నాయి. గార్నెట్ కన్నా గట్టిది ఏదో ఒకటి అందులో దాక్కుని, గింజతో పాటు అరగనని మొండికేసి, పైకి పొడుచుకొచ్చి, పక్కనున్నవాటిని చీరేస్తోంది. గార్నెట్‌ను అంత అలవోకగా గీసేది ఏముంటుంది? వజ్రమైతే తప్ప. ఆఫీసులో పాలిష్‌కి వాడే నీలం రంగు పేస్టు ఒకటుంది, సిరంజీల్లో వస్తుంది. దాన్నిండా వజ్రపు పొడే. దాన్ని వాడిన పలకలో వజ్రం కనబడిందంటే నమ్మేవాడు వెర్రివాడు. అందుకని ఆ సిరంజీలన్నీ తీసి బీరువా పై అరలో పెట్టేసింది. కొత్త పలకలన్నీ కొత్త గుడ్డ మీద, వజ్రం కలవని వట్టి అల్యూమినా పొడితో పాలిష్ పట్టింది. మామూలుకన్నా నాలుగింతలు మందంగా ఉంచింది, గింజ లోపలిది లోపలే ఉండేలా. మైక్రోస్కోపు మరను మెల్లగా తిప్పుతూ చూపును గార్నెట్ పైనుంచి లోపలికి దించితే, సరిగ్గా నడుమ, ఏ పగులూ తాకని చోట కనిపించాయి. పిండి రేణువులంత. ఒకటి పెద్దది, ఒకటి చిన్నది, ఒకదానికి నాలుగు మూలల ముఖం. తేదీ వేసి, బొమ్మ గీసి, పొడీ గుడ్డా వివరాలు నోట్‌బుక్కులో రాసి పెట్టుకుంది. ప్రతి పలకకూ ఒక పేజీ రాయడం ఆమెకి కాలేజీ నాటి అలవాటు.

అందరికీ తెలిసిన వజ్రాలు అగ్నిపర్వతపు గొట్టాల్లో పైకి వస్తాయి. ఇవి అలాంటివి కావు. ఆ రాయి ఒకప్పుడు సముద్రం అడుగున బురద. ఒక నేల ఇంకో నేల కిందకు తోసుకుపోతుంటే ఆ బురద కూడా నూట ఇరవై కిలోమీటర్ల లోతుకు పోయి, అందులోని బొగ్గు ముక్క అక్కడి బరువుకు వజ్రమైంది. తర్వాత మళ్ళీ పైకి వచ్చింది. వచ్చే దారిలో వేడికి, బయట ఉన్న వజ్రాలన్నీ తిరిగి గ్రాఫైట్ అయిపోయాయి, పెన్సిలు ముక్కులో ఉండే నల్లటి పదార్థం. గార్నెట్ మూసేసుకున్న కొన్నే మిగిలాయి. ఉంగరానికి పనికిరావు, అమ్మితే ఎవరూ కొనరు. కానీ నేల అంత లోతుకు వెళ్ళి తిరిగి వచ్చిందని చెప్పే సాక్ష్యం భూమి మీద చాలా కొద్ది చోట్లే ఉంది.

ఆమె చెబితే ఆయన నవ్వాడు. నెల తర్వాత, ఎందుకైనా మంచిదని, ఆమె పలకలు రెండు లేజర్ పరీక్షకు తన సంతకంతో పంపాడు. జవాబు ఆయన పేరున వచ్చింది. వజ్రమే. ఆ తర్వాత అంతా ఆయనదే. వ్యాసం ఆయనది, పూలగుత్తి ఆయనది, వేదిక మీద కుర్చీ ఆయనది. "మా బృందం" అన్నాడు గానీ, ఆ బృందంలో రెండో మనిషి ఎవరో చెప్పలేదు. చివర్లో గొంతు సవరించుకుని, "ఒత్తిడిలోంచే వజ్రం పుడుతుంది. మన ఇళ్ళలో ఆడవాళ్ళు కూడా అంతే," అన్నాడు. చప్పట్లు మోగాయి. వెనక వరసలో టీ కప్పులు లెక్క చూస్తున్న ఆమెకి ఒళ్ళు మండిపోయింది. ఒత్తిడి పెట్టేవాళ్ళకే ఆ మాట అంత తియ్యగా ఉంటుంది. పైకి వచ్చే దారిలో ఎన్ని వజ్రాలు మళ్ళీ మసి అయిపోయాయో ఆ వేదిక మీద ఎవరికీ అక్కర్లేదు.

ఇదంతా జరిగిపోయిన కథ. ఈ ఆదివారం రాయి గోల అయ్యాక, అత్తగారు బియ్యం చేట తెచ్చి కోడలి ముందు పెట్టింది. "రేపటికైనా సరిగ్గా ఏరు." ఆవిడ పడుకోవడానికి లోపలికి వెళ్ళగానే ఆయన కుర్చీ దగ్గరికి లాక్కుని కూర్చున్నాడు. అలా కూర్చున్నాడంటే పనేదో ఉన్నట్టు.

"నా వ్యాసాన్ని తనిఖీ చెయ్యడానికి రేపు కమిటీ వాళ్ళు వస్తున్నారు. ముగ్గురు. వాళ్ళు అడిగితే పోయిన నెల పంపిన నాలుగు పలకల్లో వజ్రాలు మన పేస్టులోవేనంటున్నారు."

ఆమె చెయ్యి బియ్యంలో ఆగిపోయింది. "ఏ నాలుగు పలకలు? నేను నాలుగు పంపలేదే."

"నీవి మందంగా, మసగ్గా ఉన్నాయి. అంత పెద్దవాళ్ళకి అవి ఎలా పంపను? అమ్మకి జ్వరమని నువ్వు సెలవు పెట్టావు చూడు, ఆ రోజు నేనే చేశాను. అద్దంలా వచ్చాయి."

"దేంతో పట్టారు పాలిష్?"

ఆయన గోడ వైపు చూశాడు. "బీరువా పై అరలో ఉంటే తీశాను."

ఆమెకి నవ్వాలో ఏడవాలో తెలియలేదు. ఆ సెలవు తర్వాత పాలిష్ గుడ్డ మీద నీలం మరక చూసి, ఎవరో కొత్తవాళ్ళు తడిమారనుకుని గుడ్డ పారేసింది. వజ్రం కనిపెట్టిన మహానుభావుడు, వజ్రపు పొడి పూసి వజ్రాలు చూపించాడు! రెండేళ్ళుగా ఆయన పేరున ఊరేగుతున్న వ్యాసంలో "అల్యూమినా మాత్రమే వాడాం" అన్న ఒక్క వాక్యం ఉంది. ఆ వాక్యం ఎందుకుందో దాని రచయితకు తెలియదు.

"రేపు వాళ్ళు అడిగితే నువ్వే చేశానని చెప్పు," అన్నాడు ఆయన. "పొరపాటున పేస్టు వాడానని చెప్పు. నువ్వు టెంపరరీ, నీకేం పోతుంది? అదే నేను చేశానంటే నన్ను పీక్కు తింటారు. తర్వాత నెమ్మదిగా మళ్ళీ మంచి పలకలు చేద్దువుగాని."

"ఒకసారి పేస్టు వాడానని ఒప్పుకుంటే, నా చేత్తో చేసిన ఏ పలకనీ ఎవరూ నమ్మరండీ. అసలైనవి కూడా అబద్ధమైపోతాయి."

"అయితే ఏంటి?" అన్నాడు ఆయన, నిజంగానే అర్థంకాక. "అవి నీ పేరున ఉన్నాయా?"

లోపల అత్తగారి గురక వినిపిస్తోంది. ఆమె చేతిలో ఉన్న బియ్యాన్ని చేటలోకి వదిలేసింది. ఏరింది పావు వంతు కూడా లేదు. లేచి, ఏరినదాన్నీ ఏరనిదాన్నీ కలిపి డబ్బాలో పోసేసి మూత పెట్టింది. ఊరుకుందంటే ఒప్పుకుందని ఆయన లెక్క. పందొమ్మిదేళ్ళుగా ఆ లెక్క ఒక్కసారీ తప్పలేదు. నిశ్చింతగా పేపరు తీసుకున్నాడు.

మరునాడు కమిటీ పెద్దాయన మైక్రోస్కోపు ముందు చాలాసేపు కూర్చున్నాడు. బట్టతల, ముక్కుసూటి మాట. తల ఎత్తకుండానే అన్నాడు. "గార్నెట్‌లో ఉన్నాయి, క్వార్ట్జ్‌లో ఉన్నాయి, పగుళ్ళలో ఉన్నాయి, చివరికి జిగురులో కూడా ఉన్నాయి. అన్నీ జల్లెడ పట్టినట్టు ఒకే సైజు. వీటికి పాలిష్ పట్టిందెవరు?"

"మా ఆవిడేనండి," అన్నాడు ఆయన. గొంతులో జాలి కూడా కలిపాడు. "ఇంటిపనీ ఆఫీసుపనీ, రెండూ చూసుకుంటోంది కదా. పొరపాటు జరిగింది."

డైరెక్టరు ఆమె వైపు చూసి, ఒప్పేసుకోమన్నట్టు కళ్ళతోనే సైగ చేశాడు. పెద్దాయన తల ఎత్తాడు. "ఏమ్మా? ఏం వాడారు?"

ఆమె ముందుకు వచ్చింది. సంచిలోంచి చెక్కపెట్టె తీసి బల్ల మీద పెట్టింది, దాని పక్కన నోట్‌బుక్కు పెట్టింది.

"ఈ నాలుగూ నేను చెయ్యలేదండి. నేను చేసినవి ఈ పెట్టెలో ఉన్నాయి. మందంగా, మసగ్గా ఉంటాయి, ఏమనుకోకండి. మూడో పలక పెట్టి, చూపును గార్నెట్ లోపలికి దించండి. ఏ పొడి, ఏ గుడ్డ, ఏ రోజు అన్నది ఇందులో రాసి ఉంది."

పెద్దాయన మర తిప్పాడు. కొంచెం తిప్పాడు, ఇంకొంచెం తిప్పాడు, ఆగిపోయాడు. మిగతా ఇద్దరూ వంతులవారీగా చూశారు. పెద్దాయన నోట్‌బుక్కు తెరిచి తేదీ చదివాడు, వ్యాసం తీసి దాని తేదీ చదివాడు. తర్వాత ఆమె భర్తను గానీ డైరెక్టర్ని గానీ ఏమీ అడగలేదు. "ఇవి మా దగ్గర పెట్టుకోవచ్చా?" అని ఆమెనే అడిగాడు.

"పలకలు తీసుకెళ్ళండి," అంది ఆమె. "నోట్‌బుక్కు మాత్రం ఇవ్వను. కావాలంటే కాపీ తీసుకోండి, నేను పక్కన నిలబడతాను."

వాళ్ళు వెళ్ళాక డైరెక్టరు మెట్ల దగ్గర ఆపాడు. "నిజమే అనుకో. కానీ మొగుడూ పెళ్ళాల సంగతి, ఇంట్లో సర్దుకుని ఉంటే బాగుండేదమ్మా," అన్నాడు. వచ్చే నెల టెంపరరీ పనుల పునఃపరిశీలన ఉందని కూడా అన్నాడు. ఆమె సరేనంది. ఆ మాట వస్తుందని ఆమెకి నిన్న మధ్యాహ్నమే తెలుసు.

సాయంత్రం బల్ల దగ్గర అత్తగారు ముందే కూర్చుని ఉంది. కొడుకు మొహం చూసి, "ఏమైందిరా?" అంది.

"నీ కోడలు నన్ను నలుగురిలో నిలువునా ముంచింది." ఆయన అన్నం కలిపాడు. మొదటి ముద్దకే పంటి కింద కరకర మంది. ఈసారి దవడ పట్టుకోలేదు. రాయిని కంచం పక్కన పడేసి అరిచాడు. "బియ్యం ఏరలేదా?"

"లేదు," అంది ఆమె. "ఇక ఏరను. ఎవరు తినే బియ్యం వాళ్ళే ఏరుకుందాం."

అత్తగారు నోరు తెరిచింది. ఈసారి నవ్వడానికి కాదు. ఆమె తన కంచంలో అన్నం వడ్డించుకుని, ఆ రాయి వైపు ఓసారి చూసి, నిన్న మింగేసిన జవాబు చెప్పింది.

"అది క్వార్ట్జండీ. మీరు కమిటీకి చూపించినవాటిలా కాదు. ఇది మాత్రం నిజంగా రాయిలోంచే వచ్చింది."