అరువు నిద్ర

జట్టులో అందరూ అతన్ని మెరుపు అనేవారు. వీడియో గేమ్ పోటీల్లో అంత వేగంగా వేళ్లు ఆడించేవాడు ఆ చుట్టుపక్కల లేడు. బుర్ర మాత్రం ఎప్పుడు పరుగెత్తినా అతితెలివి వైపే పరుగెత్తేది.

ఆదివారం ఫైనల్. ఆటగాళ్ల ఆరోగ్యం చూసే ఫిట్‌నెస్ సారు రెండు వారాల ముందే ఒక్కొక్కరి మణికట్టుకీ ఒక పట్టీ కట్టాడు. ఎవరెన్ని గంటలు నిద్రపోయారో, గుండె ఎలా కొట్టుకుందో అది లెక్కగడుతుంది. "ఆరు గంటలు పడుకోనివాడికి ఫైనల్లో చోటు లేదు" అని తేల్చి చెప్పాడు. మెరుపు నాలుగు గంటలు పడుకుంటే గొప్ప. మిగతా రాత్రంతా ఆటకే ధారపోసేవాడు.

అందుకని పట్టీ విప్పి అక్క చేతికి కట్టాడు. "కంపెనీవాళ్లు కొత్తగా చేశారక్కా, ఎలా ఉందో చూడమన్నారు. పడుకునేటప్పుడు పెట్టుకో, పొద్దున్నే ఇచ్చెయ్" అన్నాడు. అమ్మానాన్నలు పోయాక అతన్ని పెంచింది ఆ అక్కే. లాండ్రీలో పొద్దంతా ఇస్త్రీ చేసి, ఇంటికొచ్చి తొమ్మిదింటికల్లా పక్కమీద వాలిపోయేది. ఒళ్లలిసిన మనిషి, మొద్దునిద్ర పోతుందనుకున్నాడు. పక్కగదిలోనే ఉంటూ ఒక్కసారైనా తొంగిచూసిన పాపాన పోలేదు.

పదోరోజు మధ్యాహ్నం సారు అతన్ని తన గదిలోకి పిలిచి తలుపు వేశాడు.

"రాత్రికి రెండు గంటలు కూడా నిద్ర లేదు నీకు. గుండె లయ తప్పుతోంది. ఇది ఆషామాషీ వ్యవహారం కాదు. ఆట సంగతి పక్కనపెట్టు, ఇవాళే హాస్పిటల్‌కి వెళ్దాం."

మెరుపుకి ముచ్చెమటలు పట్టాయి. అంతలోనే అసలు సంగతి తట్టి ప్రాణం లేచొచ్చింది.

"అది నాది కాదు సార్!"

"మరెవరిది?"

"మా అక్కది. పట్టీ తనకి కట్టాను."

సారు తిట్టలేదు. కాగితాలు మళ్లీ మొదటినుంచి తిరగేశాడు. అప్పుడైనా మెరుపు నోరు మూసుకుని ఉంటే బాగుండేది.

"అంటే నాకేం లేదు కదా సార్? ఆదివారం ఆడొచ్చా?"

ఆ మాట తన చెవిన పడ్డాక గానీ ఏమన్నాడో అతనికి తెలిసిరాలేదు. తల కొట్టేసినట్టయింది.

"ముందు మీ అక్కని తీసుకురా. నీ సంగతి తర్వాత చూద్దాం" అన్నాడు సారు మెల్లగా.

లాండ్రీ నిండా ఆవిరి. అక్క ఒక చేత్తో ఇస్త్రీపెట్టె నడుపుతూ, రెండో చెయ్యి బల్లకి ఆన్చి నిలబడి ఉంది. పెదవులు పాలిపోయి ఉన్నాయి. ఎన్నాళ్లుగా అలా ఆనుకుని పనిచేస్తోందో అతనికి తెలీదు.

"అక్కా, హాస్పిటల్‌కి వెళ్దాం పద. ఆ పట్టీలో... నీ గుండె బాలేదని వచ్చింది."

అక్క ఇస్త్రీపెట్టె పక్కనపెట్టి స్విచ్ కట్టేసింది. కంగారుగా తమ్ముడి మొహంలోకి చూసింది.

"అయ్యో, నీ లెక్క పాడుచేశానా? నిద్ర పట్టకపోయినా కదలకుండానే పడుకున్నాను కదరా! కంపెనీ కబుర్లు చెబితే నమ్మేస్తాననుకున్నావా? మీ సారు నిద్ర లెక్క చూస్తున్నాడని నాకూ తెలుసు. నీ ఆటకెక్కడ దెబ్బ తగులుతుందోనని దగ్గు కూడా ఆపుకున్నాను. మరి ఆదివారం నిన్ను ఆడనిస్తారా?"

ఇందాక అతను అడిగిందీ అదే. ఇద్దరూ అతని గురించే అడిగారు. ఆమె గురించి పట్టించుకున్నది పరాయివాడైన సారు ఒక్కడే. మెరుపు సిగ్గుతో తలవంచుకుని, అక్క చెయ్యి పట్టుకుని బయటికి నడిపించాడు.