ఆమె చూపుకి తిప్పిన చక్రం

"పైకా? కిందికా?"

మడత గేటు పూర్తిగా లాగకముందే అడుగుతాడు. రోజంతా అదే మాట. అందుకని ఆ ఆఫీసు భవనంలో అందరూ ఆయన్ని పైకాగారనే పిలుస్తారు, అసలు పేరు జీతాల గుమాస్తాకి తప్ప ఎవరికీ పట్టలేదు. అది పాతకాలపు లిఫ్టు. పిడి తిప్పితే కదులుతుంది, వదిలితే ఆగుతుంది. గడపకి గడప కలిసేలా ఆపడమే ఆయన చేసే పని. ఇనుప గేటు లాగీ లాగీ కుడి భుజం కిందికి జారింది. పొద్దస్తమానం ప్రయాణం చేసి ఎక్కడికీ వెళ్ళని మనిషి మా ఆయనొక్కడే అని భార్య వేళాకోళం చేసేది. ఆవిడే వెళ్ళిపోయింది, నాలుగు రోజుల జ్వరంతో, చెప్పాపెట్టకుండా.

ఆవేళ గేటు మరీ బరువుగా ఉంది. చెయ్యి మోచేతి దాకా లాగుతోంది. నూనె వెయ్యాలనుకున్నాడు, గేటుకి. మధ్యాహ్నం రద్దీ తగ్గాక మూడో అంతస్తులో ఆపి, స్టేషనరీ గదిలో ఇంత టేపు ముక్క అడిగాడు.

"ఏం అతికిస్తారండీ?" అన్నాడు గుమాస్తా.

"అతికించడానికి కాదయ్యా, తెగుతుందేమో చూడ్డానికి."

"పోన్లెండి, కాలక్షేపం దొరికింది మీకు" అని నవ్వి, పారదర్శకంగా ఉండే టేపు కత్తిరించి ఇచ్చాడు. పైకాగారు దాన్ని గుర్తింపు కార్డు వెనక అంటించుకుని మళ్ళీ లిఫ్టులో తన పీటెక్కాడు.

సంగతేమిటంటే, ఆయన ఇంటి డాబా మీద ఒక టెలిస్కోపు ఉంది. సెకండ్‌హ్యాండుది. మొగుడూ పెళ్ళాలు మోజుపడి కొనుక్కున్నది. కళ్ళజోడు తీసి చూడాలి దాంట్లో, ఆయనకేమో దగ్గరివి ఆనవు, ఆవిడకి దూరానివి ఆనవు. ఒకరికి కుదిరిన ఫోకస్ రెండోవారికి మసక. ఆయన చూసి లేవగానే ఆవిడ కూర్చుని ఫోకస్ చక్రం లోపలికి తిప్పుకునేది, ఆయన మళ్ళీ బయటికి తిప్పుకునేవాడు. రోజూ ఈ తగువెందుకని ఆవిడ కన్ను ఆనించే ఐపీసు గొట్టం మీద పెన్సిలుతో రెండు గీతలు గీసింది. ఒకటి ఆయన చూపు, ఒకటి ఆవిడ చూపు. 

ఆవిడ పోయాక కొన్నాళ్ళు డాబా ఎక్కలేదు. ఎక్కడం మొదలుపెట్టిన దగ్గర్నుంచీ ఈ వింత. గొట్టం బయటి గాలికి చల్లబడితేగానీ బొమ్మ నిలవదు కాబట్టి, సాయంత్రమే అన్నీ బిగించి, చక్రం తన గీతకి పెట్టి, స్నానానికి కిందికి వెళతాడు. తిరిగొచ్చి చూస్తే చక్రం ఆవిడ గీత దగ్గర ఉంటుంది. మొదటిసారి గబగబా కిందికి దిగిపోయాడు. తర్వాత తర్వాత మెట్లెక్కుతుంటే గుండె దడదడలాడేది, ఆశతోనో భయంతోనో ఆయనకే తెలీదు. ఒకవేళ తన చెయ్యే పాత అలవాటుకొద్దీ తిప్పేసి మర్చిపోతోందా? అదే నిజమైతే తనకి మతి జారుతోంది, ఆవిడ రావడం లేదు. మతీ ఆవిడా రెండూ ఒకేసారి పోతాయి. అది తేల్చుకుందామనే టేపు, తన చెయ్యే తిప్పబోతే అది అడ్డొచ్చి తనకి తెలిసిపోతుందని. ఇక తేలకుండా బతకడం ఆయన వల్ల కావడం లేదు.

సాయంత్రం ఎండ ఉండగానే సగం చంద్రుడు పైకొచ్చి ఉన్నాడు. ఆయన మూడుకాళ్ళ స్టాండు సరిచేసి, గొట్టం ఎక్కించి, పక్కన గురి చూసుకోవడానికుండే చిన్న ఫైండరుని దూరాన నీళ్ళ ట్యాంకు మీది కడ్డీకి సరిచూశాడు. పెట్టె తెరిచాడు. లోపల నురగ దిండులో ఒక్కో సామానుకి ఒక్కో గుంట. చిన్న ఐపీసుని, బొమ్మని రెట్టింపు చేసే బార్లో లెన్సుని ముట్టలేదు. ఆవిడకి అంత దగ్గరగా చూడ్డం గిట్టేది కాదు. "మనిషి మొహం మీదకొచ్చినట్టుంటుంది" అనేది. పెద్ద ఐపీసు తీసి, వెన్నెల కళ్ళలో గుచ్చుకోకుండా ఆకుపచ్చ ఫిల్టరు బిగించాడు. చక్రం తన గీతకి తెచ్చి, టేపు అడ్డంగా అంటించి, గోటితో రాశాడు. దయ్యాలకి టేపు చింపే పనేమిటని అడిగేవాళ్ళు పక్కన లేరు. అడిగినా వినడు.

కింది వాటాలో మరదలి కుట్టుమిషను చప్పుడు వినిపిస్తోంది. భార్య చెల్లెలు. భర్త పోయినప్పట్నుంచీ అక్కడే ఉంటోంది. అచ్చం అక్క చూపే, సూదిలో దారం ముక్కుకి ఆనించి మరీ ఎక్కిస్తుంది. అక్క ఉన్నన్నాళ్ళూ "చంద్రుడెక్కడికీ పోడు గానీ అక్కా, పొయ్యి మీద పాలు పోతాయి" అని ఎద్దేవా చేసిందే తప్ప ఒక్కనాడూ చూసిన పాపాన పోలేదు. అందుకే ఆయనకి మరదలి మీద అనుమానం రానే లేదు.

స్నానం చేసి మెట్లెక్కుతుంటే మధ్యలో రెండుసార్లు ఆగాల్సొచ్చింది. పైన చీకటి ఇంకా పూర్తిగా పడలేదు. చక్రం ఆవిడ గీత దగ్గర ఉంది. టేపు రెండు ముక్కలై వేలాడుతోంది.

పీట మీద కూలబడ్డాడు. ఏడుపొచ్చింది, హాయిగా ఏడ్చాడు.

ఆరేసిన బట్టలు తీసుకెళ్ళే వంకతో మరదలు మళ్ళీ పైకొచ్చింది. వంకే, ఎందుకంటే బట్టలు ఇందాకే తీసుకెళ్ళింది. ఆయన మళ్ళీ డాబా ఎక్కడం మొదలుపెట్టాక, స్నానానికి దిగినప్పుడు ఒంటరిగా ఒకసారి కన్ను ఆనించి చూసింది. అక్క చూసిన చంద్రుణ్ణే చూస్తున్నాననిపించి మర్నాడూ వచ్చింది. అంత ఎద్దేవా చేసి ఇప్పుడు చూస్తున్నానని చెప్పుకోవడానికి మొహం చెల్లలేదు. గీతల సంగతి ఆమెకి తెలీదు. ఇవాళ చక్రం తిప్పితే ఏదో పుటుక్కున తెగింది. పాడుచేశానేమోననుకుంది. ఒప్పేసుకుందామనే వచ్చింది.

"బావగారూ, ఆ టేపు..."

"చూశావా? మీ అక్క వచ్చింది" అన్నాడాయన. మొహం తడిసి ఉంది, మెరుస్తోంది. "నాకే మతి పోయిందేమోనని ఇన్నాళ్ళూ హడలిపోయాను. ఇదిగో, తెంపేసి వెళ్ళింది."

మరదలు తెగిన టేపు ముక్కల వంక చూసింది.

"అక్కకి ఓపికెక్కడిది బావగారూ, విప్పడానికి? లాగేసి ఉంటుంది" అంది.

ఆయన పకపకా నవ్వాడు. ఆ ఇంట్లో ఆ నవ్వు విని చాలాకాలమైంది. నవ్వుతూనే చక్రం ముట్టకుండా గొట్టం జరిపి, చంద్రుణ్ణి ఫైండరు అద్దంలోని అడ్డగీతల మధ్యకి తెచ్చాడు.

"నువ్వూ ఒక్కసారి చూడరాదూ?"

తప్పదు. వంగి కన్ను ఆనించింది. గుంటలు, కొండల నీడలు, అంచున వెలుగు, అన్నీ సూదిమొనంత స్పష్టంగా ఉన్నాయి. 

"నాకేం ఆనడం లేదు బావగారూ. అంతా మసకే."

"అంతేలే. అది మీ అక్క చూపు కదా. నీకు తిప్పమంటావా?"

"వద్దొద్దు. ఉండనీండి. దాన్ని అలాగే ఉండనీండి" అంది. చెంగుతో కళ్ళొత్తుకుంటూ దిగిపోయింది. ఆమె ఏడుపు అక్క కోసమేననుకున్నాడాయన.

పిలిచినా భోజనానికి రాకపోతే ఆమే పైకెక్కింది. ఆయన పీట మీదే ఉన్నాడు, నుదురు గొట్టానికి ఆనించి, చెయ్యి ఒళ్ళో పెట్టుకుని. భుజం తట్టింది. మళ్ళీ తట్టింది. ఒళ్ళు చల్లగా ఉంది.

ఆమె కింద కూర్చుని ఆయన పాదం పట్టుకుంది. "నేనే బావా, నేనే తిప్పాను" అని చెప్పింది. చెప్పాల్సింది ఇప్పుడు కాదని తెలిసీ చెప్పింది.

తర్వాత జనం వచ్చారు, ఆయన్ని కిందికి దించారు. చక్రం ఆవిడ గీత మీదే ఉంది. ఆయన దాన్ని తన చూపుకి తిప్పుకోలేదు. ఆఖరిదాకా మసకనే చూస్తూ కూర్చున్నాడు. పక్కన తెరిచి ఉన్న పెట్టెలో, పెద్ద ఐపీసు తీసిన గుంటలో, ఆయన కళ్ళజోడు కాడలు ముడుచుకుని పడుకుని ఉంది.