ఈశాన్యపు స్తంభం

మునిరత్నానికి మేనకోడలి చదువంటే మహా గొప్ప. ఆ చదువు చెప్పే మాట వినాలంటే మాత్రం ఎక్కడలేని బద్ధకం. మరమగ్గాల మీద కాస్త వెనకేసుకుని, 2003లో నగరి బస్టాండు దగ్గర కల్యాణమండపం మొదలుపెట్టినప్పుడు, "డిజైనంతా మా కోమలిదే. కంప్యూటర్లో చేస్తాది" అని ఊరంతా చాటుకున్నాడు. కోమలి తిరుపతిలో ఎం.టెక్ చదివి అక్కడే ఒక డిజైన్ ఆఫీసులో పనిచేస్తోంది. మామ అడిగాడు కదా అని ఆదివారాలు కూడా కూర్చుని లెక్కలు కట్టింది. కింద పెళ్ళి హాలు, పైన భోజనాల హాలు.

అంతా సవ్యంగానే సాగింది, సిద్ధాంతి వచ్చేదాకా. ఆయన పునాదుల మధ్య నిలబడి, ఈశాన్యం మూల స్తంభం ఉండకూడదన్నాడు. ఈశాన్యంలో బరువు పెడితే వంశానికి అరిష్టమట. మేస్త్రీ కుప్పయ్య మారుమాట్లాడకుండా ఆ స్తంభం కమ్మీలు కోసేశాడు. స్తంభమైతే పోయింది, బరువెక్కడికి పోతుంది? అది దూలం మీదికెక్కి కూర్చుంది.

సంగతి తెలిసి కోమలి ఆ స్తంభం తీసేసి లెక్క మళ్ళీ వేసింది. ఫైనైట్ ఎలిమెంట్ పద్ధతి అంటారు దాన్ని. ఆవకాయకు మామిడికాయలు కొట్టినట్టు కట్టడాన్నంతా కంప్యూటర్లో చిన్నచిన్న ముక్కలు చేస్తారు. ఒక్కో ముక్క మీద ఎంత బరువు పడుతుందో, అది పక్క ముక్కను ఎంత లాగుతుందో చూసి, మళ్ళీ అన్నిటినీ కలిపి లెక్క తేలుస్తారు. కట్టడం సుఖంగా ఉన్నచోట నీలం రంగు, ఓర్చుకోలేనిచోట ఎరుపు. ఈశాన్యం మూలకు పోయే దూలం మొదట్లో ఎరుపు ముద్దగా తేలింది. ఆ మూల జనం నిండుగా కూర్చుంటే దూలం నిలవదు. 

ఆ బొమ్మను రంగుల్లో ప్రింటు తీయించి, నగరి బస్సెక్కి మగ్గాల షెడ్డుకు వెళ్ళింది. మామ దాన్ని వెలుతురులో పెట్టి చూశాడు.

"ఎంత బాగుండాది పాపా. ఈ రంగులు చీరకేస్తే బలే పోతాది."

"రంగులు కాదు మామా. ఈ ఎర్రగా ఉండే చోట విరుగుతాది. నిండుబిందె పట్టుకోని చెయ్యి సాపితే నొప్పి యాడ పుడతాది? భుజం కాడ. ఇదీ అంతే. స్తంభమన్నా పెట్టు, లేదంటే ఆ మూలనే కొట్టేయించు."

"నా షెడ్డులో ఇన్ని మగ్గాలు దడదడ కొట్టుకుంటా ఉండాయి. ఎప్పుడన్నా పడిందా?"

"అవి నేలమీద ఉండాయి మామా."

"సరేలే. కుప్పయ్యకు చెప్పి చేయిస్తాంలే."

'చేయిస్తాంలే' అన్నారంటే చేయించరనే లెక్క. అది తెలిసీ కోమలి నమ్మింది. మామ కదా.

మండపం ప్రారంభానికి వెళ్ళి చూస్తే ఈశాన్యం మూల బోసిగా ఉంది. స్తంభం లేదు. గుమ్మానికి ఎదురుగా మాత్రం ఆ రంగుల బొమ్మ అద్దాల ఫ్రేములో, పూలదండతో వెలిగిపోతోంది. సరిగ్గా ఎర్రగా ఉన్నచోట ఎవరో కుంకుమబొట్టు కూడా పెట్టారు. అడుగున బంగారు అక్షరాలు: డిజైన్, కోమలి, ఎం.టెక్.

"కంప్యూటర్ గ్యారంటీ ఇచ్చింది" అని మామ వచ్చినవాళ్ళందరికీ చూపిస్తున్నాడు.

"అది గ్యారంటీ కాదు. ఆ ఎర్రగా ఉండేది విరిగే చోటు" అంది కోమలి, అందరూ వినేలా.

తల్లి రాఘవమ్మ ఆమె చెయ్యి గిల్లింది. "శుభమా అని పూజ జరుగుతా ఉంటే ఏం మాటలే అవి?"

మామ నవ్వేసి ఊరుకున్నాడు. కోమలి ఊరుకోలేదు. ప్లాన్లు పాస్ చేసే ఆఫీసుకు వెళ్ళి చెప్పింది. "ప్లాను పాసైపోయింది గదమ్మా" అన్నారు వాళ్ళు, టీ తాగుతూ.

మండపంలో మొదటి పెళ్ళికి తల్లి బలవంతాన వెంటబెట్టుకొచ్చింది. బొమ్మలో ఇప్పుడు ఎరుపు లేదు. ఆ చోటంతా చిలకపచ్చగా ఉంది.

"ఎరుపే గదా నీ బాధ" అన్నాడు మామ. "స్టూడియోలో చెప్పి పచ్చగా చేయించినా."

"నా పేరన్నా తీసెయ్ మామా."

"పేరు తీసేస్తే జనం నమ్ముతారా పాపా?"

ఆమెకు ఏడుపు రాలేదు. అసహ్యం వేసింది. ఈశాన్యం వైపు నడిచి తలెత్తి చూసింది. దూలం మొదట్లో కట్టిన బంతిపూల దండ వెనక వెంట్రుకంత చీలిక. దాని మీద సున్నం పూసిన తడి ఇంకా ఆరలేదు.

పైన మొదటి పంక్తి కూర్చుంటోంది. కోమలి మెట్లెక్కేసరికి మామే దగ్గరుండి అందరినీ కూర్చోబెడుతున్నాడు. రాఘవమ్మ, మామ పిల్లలు కిటికీ పక్కనని ఈశాన్యం మూలకు వెళ్ళబోయారు.

"అక్కా, ఆడ వద్దు. ఇట్లా రా. పిలకాయల్ని కూడా పిల్చుకొనిరా."

"ఆడైతే గాలొస్తాది గదరా."

"వద్దంటే వద్దు. రాక్కా."

ఆ మూల మగపెళ్ళివారికి ఇప్పించాడు, మర్యాదగా, గాలి బాగా వస్తుందని. తలతిప్పేసరికి కోమలి కనిపించింది. చటుక్కున చూపు తప్పించి సాంబారు బకెట్టు వైపు తిరిగాడు.

మామ తన మాట నమ్మలేదనే ఇన్నాళ్ళూ ఏడ్చింది. నమ్మాడు. అక్షరం పొల్లుపోకుండా నమ్మాడు. నమ్మబట్టే తనవాళ్ళను ఇటు కూర్చోబెట్టుకున్నాడు.

విస్తరి ముందు నుంచి మనిషిని లేపితే పాపమంటారు. ఆ పాపమేదో తనకే తగలనీ అనుకుని, కోమలి ఆ మూలకు నడిచి, చివర కూర్చున్న పెద్దాయన ముందు వంగింది.

"లేవండి తాతా. అందరినీ లేపండి. ఈడ దూలం నిలవదు."

"మా కోడలుపిల్లే, శానా సదువుకునింది" అని వెనకనుంచి మామ గొంతు పెంచాడు. పంక్తి పంక్తంతా నవ్వింది.

పెద్దాయన కోమలిని జాలిగా చూశాడు. తర్వాత విస్తరి వైపు చూసుకున్నాడు.

"పాయసం ఇంకా రాలేదు గదమ్మా" అన్నాడు.