లక్నో నుంచి వచ్చిన జెరాక్సులు

1988 ఫిబ్రవరిలో, రాయ్‌పూర్ శివార్లలో ఉన్న భన్‌పురిలోని చెప్పుల కార్ఖానాకు బొంబాయి నుంచి ఇరవై డ్రమ్ముల సరుకు దిగింది. రబ్బరును కరిగించి జిగురు చెయ్యడానికి అదే ఇకమీదట వాడతామని సేఠ్ చెప్పాడు. సుభద్ర డ్రమ్ము మీది చీటీ చదివి, మళ్ళీ చదివి, తన గదిలోకి పోయి తలుపు వేసుకుంది.

ఆ కార్ఖానాలో జిగురు పరీక్షించే పని ఆమెది. రైల్వేలో ఫిట్టరుగా పనిచేసిన తండ్రి పోయిన ఏడాదే, బీఎస్సీ అయిన వెంటనే చేరింది. పదకొండేళ్ళయింది. రెండేళ్ళ కిందటిదాకా అక్కడ హెక్సేన్ వాడేవారు. పెట్రోలు వాసన, నీళ్ళలాంటి రంగు. మూసిన షెడ్డులో ఏడాది పొడుగునా దాన్ని పీల్చి ఇద్దరి కాళ్ళు చచ్చుబడ్డాయి. వాళ్ళలో పున్నయ్య ఒకడు. సేఠ్ అతణ్ణి తీసెయ్యకుండా గేటు దగ్గర కాపలా ఉంచాడు. నడిచేటప్పుడు పాదం వేలాడిపోతుంది గనక, మెట్టెక్కుతున్నట్టు మోకాలు పైకెత్తి వేస్తాడు అడుగు.

కొత్త ద్రావకం పేరు మిథైల్ బ్యూటైల్ కీటోన్. సుభద్ర కాగితం మీద దాని బొమ్మ గీసింది. ఒక వరసలో ఆరు కర్బనాలు, రెండోదానికి ఒక ఆక్సిజన్. పక్కనే హెక్సేన్ గీసింది. అదీ ఒకే వరసలో ఆరు కర్బనాలు. ఆ ఆక్సిజన్ తీసేస్తే రెండూ ఒకటే. ఆ కాగితం తీసుకెళ్ళి సేఠ్‌కు చూపించింది.

సేఠ్ నవ్వేశాడు. "అరే బహెన్‌జీ, యే అలగ్ చీజ్ హై, ఇది వేరే సరుకు. పెయింటు వాళ్ళు ఐసోబ్యూటైల్ కీటోన్ అని ఏళ్ళ తరబడి వాడుతున్నారు, ఎవరి కాళ్ళూ పోలేదు. ఇది దానికి సొంత తమ్ముడని బొంబాయివాడు చెప్పాడు."

అది అబద్ధం కాదు. రెండింటి అణువుల బరువూ ఒకటే, పేర్లూ దాదాపు ఒకటే. అంటే ఈ డ్రమ్ములోది ఎవరి పోలిక? కాళ్ళు పడగొట్టినదాని పోలికా, ఏ హానీ చెయ్యనిదాని పోలికా? ఎవరో పీల్చి పడిపోతే తప్ప తెలియదంటే, ఆ పీల్చేది షెడ్డులో ఉన్న పద్నాలుగు మంది. ఆమె దగ్గర కాలేజీనాటి పుస్తకాలు రెండే ఉన్నాయి. వాటిలో ఈ సంగతి లేదు.

ఇది చెప్పగల మనిషి ఒక్కతే ఉంది. భ్రమరాంబ.

రైల్వే కాలనీలో ఇద్దరివీ ఎదురెదురు క్వార్టర్లు. ఒకే సైకిలు మీద సైన్స్ కాలేజీకి వెళ్ళేవారు. ఎత్తు ఎక్కేటప్పుడు తొక్కేది భ్రమరాంబ, పల్లం దిగేటప్పుడు సుభద్ర. ఇద్దరూ నాగపూర్‌లో ఎమ్మెస్సీ చదవాలనుకున్నారు. భ్రమరాంబ వెళ్ళింది. మొదటి ఏడాదిలోనే మూడు ఉత్తరాలు రాసింది. సుభద్ర ఒక్కదానికీ జవాబివ్వలేదు. ఇప్పుడు భ్రమరాంబ లక్నోలో, విషపదార్థాలను పరీక్షించే ఒక పరిశోధనా సంస్థలో ఉందని, కాలనీలోనే ఉన్న ఆమె పిన్ని రమణమ్మ చెప్పింది. చిరునామా అడిగినప్పుడు రమణమ్మ కళ్ళద్దాల పైనుంచి చూసి, "ఇన్నాళ్ళకి గుర్తొచ్చిందేటి?" అంది.

ఆ సాయంత్రం సుభద్ర నాలుగు కాగితాలు చించింది. 'ఎలా ఉన్నావే' అని మొదలుపెడితే ముందుకు సాగదు. 'క్షమించు' అని మొదలుపెడితే ఏడుపొస్తుంది. చివరికి రెండు బొమ్మలూ గీసి, వాటి కింద సేఠ్ చెప్పిన మూడోదాని బొమ్మ కూడా గీసి, "ఇది ఏ పోలికో చెప్పగలవా? షెడ్డులో పద్నాలుగు మంది ఉన్నారు" అని మాత్రం రాసింది.

జవాబుకు పంతొమ్మిది రోజులు పట్టింది. రోజూ తపాలావాడి సైకిలు గంట వినబడితే ఆమె చేతిలో గాజుకడ్డీ ఆగిపోయేది. ఎదురుచూస్తున్నది కాగితాల కోసమే అని తనకు తాను చెప్పుకునేది. కానీ కలలోకి వచ్చినవి కాగితాలు కావు, సైకిలు హ్యాండిలు మీద భ్రమరాంబ నల్లటి మణికట్లు.

ఈలోపు ఊరుకోలేదు. కొత్త సరుకుకు గాలి తగలకపోతే జిగురు పాడవుతుందని సేఠ్‌తో అబద్ధమాడి, పూత పనంతా షెడ్డులోంచి వరండాలోకి మార్పించింది. అయినా పన్నెండో రోజు దానయ్య ఆమె గది గుమ్మంలో నిలబడ్డాడు. అతను పున్నయ్య బావమరిది. పూత పనిలో అందరికన్నా వేగం.

"అమ్మా, ఒకటి సెప్తాను, నవ్వకండి. నిన్న బజార్లో సెప్పు ఊడిపోనాది. ఊడిపోయినట్టు తెల్డం నేదు. ఇంటికెల్లి సూస్తే ఒక కాలికే ఉంది."

సుభద్ర నవ్వలేదు. "ఇంకా ఏమవుతోంది?"

"కాలి ఏళ్ళమీద సీమలు పాకినట్టుంటాది. మా బావకీ మొదట ఇలాగే అయింది గదా..." అని ఆగాడు. "మా ఆవిడకి సెప్పకండి."

ఆ రోజే అతణ్ణి బయట పెట్టెలు కట్టే పనికి మార్పించింది.

లావుపాటి కవరు రిజిస్టరు పోస్టులో వచ్చింది. ఆరు జెరాక్స్ కాగితాలు, ఒక ఉత్తరం. ఉత్తరంలో పలకరింపు లేదు. అక్షరాలు మాత్రం అవే, గుండ్రంగా.

"పేరు చూడకు, బరువు చూడకు. ఒంట్లోకి వెళ్ళాక ఏమవుతుందో చూడు. హెక్సేన్‌ను మన ఒళ్ళు మార్చి ఒక పదార్థం చేస్తుంది. నరాలను చంపేది అది. నీ డ్రమ్ములోదాన్నీ సరిగ్గా అదే చేస్తుంది, ఇంకా సులువుగా. సేఠ్ చెప్పినదాని వరస మధ్యలో కొమ్మ చీలి ఉంది కదా, అది ఆ పదార్థంగా మారడానికి వీల్లేదు. నీదాని పోలిక అటువైపు లేదు, హెక్సేన్ వైపే. పదిహేనేళ్ళ కిందట పరాయి దేశంలో ఒక కార్ఖానాలో ఇది వాడి చాలామంది పడిపోయారు. ఆ కాగితాలు పెట్టాను. ఒక మాట గుర్తుంచుకో. పీల్చడం మానేశాక కూడా కొన్ని వారాలు ఎక్కువవుతుంది. తర్వాత తగ్గుతుంది. భయపడనివ్వకు."

చివరి జెరాక్సు వెనక పెన్సిలుతో ఇంకో రెండు ముక్కలు ఉన్నాయి. "అమ్మ పోయినప్పుడు నీకే రాద్దామని కూచున్నాను. ఏమని రాయనే?"

సుభద్ర ఆ కాగితం మడిచి రవికలో పెట్టుకుని, మిగతా అయిదూ తీసుకుని సేఠ్ గదిలోకి వెళ్ళింది.

సేఠ్ చదవలేదు. "డ్రమ్ములు బొంబాయివాడు వెనక్కి తీసుకోడు బహెన్‌జీ. కాగితాలకేం, ఎవరైనా రాస్తారు."

"అయితే ఇవే ఫ్యాక్టరీ ఇన్‌స్పెక్టరుకు ఇస్తాను."

"ధమ్కీ దే రహీ హో?"

"బెదిరింపు కాదండీ." ఆమె కిటికీ దగ్గరికి నడిచింది. గేటు దగ్గర పున్నయ్య లారీకి దారివ్వడానికి లేచి, మోకాళ్ళు పైకెత్తుతూ పక్కకు జరుగుతున్నాడు. "దానయ్యకు మొదలైంది. పున్నయ్య పడిపోయినప్పుడు మనకు తెలియదు. ఇప్పుడు తెలిసి పోయిస్తే ఏమనాలి?"

సేఠ్ కూడా లేచి గేటువైపు చూశాడు. తర్వాత గుమాస్తాను పిలిచి, డ్రమ్ముల మూతలు బిగించమన్నాడు.

ద్రావకం మారింది. షెడ్డుకు రెండు పెద్ద ఫ్యాన్లు వచ్చాయి. మిగతావాళ్ళకు ఏమీ కాలేదు. దానయ్యకు మాత్రం ఉగాది దాటాక కాళ్ళు ఇంకా బలహీనపడ్డాయి. "మానేసినాక ఎక్కువైంది గదమ్మా, మీ కాయితం తప్పు" అని గోడ పట్టుకుని ఏడ్చాడు. ఇలాగే అవుతుందని ఆ కాగితమే చెప్పిందని సుభద్ర అతని భార్య కోటమ్మకు చదివి వినిపించింది. లక్నో వెళ్దామని కొన్న టికెట్టు రద్దు చేసుకుని వేసవంతా వాళ్ళింటికి వెళ్ళివచ్చింది. దీపావళి ముందు ఒక పొద్దున కోటమ్మ పరుగెత్తుకొచ్చింది. "కాళ్ళకి గచ్చు సల్లగా ఉందన్నాడమ్మా! సల్లగా ఉందన్నాడు!"

ఆ మార్గశిరంలో సుభద్ర కట్నీలో బండి మారి లక్నో వెళ్ళింది. భ్రమరాంబ జుట్టు ముందువైపు నెరిసింది. మొదటి గంటా ఇద్దరూ దానయ్య కాళ్ళ గురించే మాట్లాడుకున్నారు. టీ చల్లారిపోయాక సుభద్ర చెప్పింది.

"నీకు సీటొచ్చిందని కుళ్ళుకున్నానే. నీ మూడో ఉత్తరం విప్పనైనా విప్పలేదు. పొయ్యిలో పడేశాను."

భ్రమరాంబ కప్పు కింద పెట్టింది. "తెలుసు, కుళ్ళని. కానీ అది విప్పి ఉండాల్సిందే. ఇంకో సీటు ఖాళీ అయింది, స్కాలర్‌షిప్పుంది, నా గదిలోనే ఉండొచ్చు, వెంటనే బయల్దేరమని రాశాను."

భ్రమరాంబ లేచి వచ్చి పక్కన కూచుని, సుభద్ర తల తన భుజానికి ఆనించుకుంది.

నాలుగు రోజులున్నారు కలిసి. ఇద్దరూ రిక్షాలో ఊరంతా తిరిగారు. చదువుకోని ఆ చదువు మాట మళ్ళీ ఎవరూ ఎత్తలేదు. తిరుగు ప్రయాణంలో సుభద్రకు పదకొండేళ్ళలో ఎన్నడూ లేనంత బెంగ పట్టుకుంది. ఇన్నాళ్ళూ ఆ కుళ్ళు దాన్ని కప్పి ఉంచింది. ఇప్పుడు కప్పేందుకు ఏమీ లేదు. కట్నీలో రాయ్‌పూర్ బండి రెండు గంటలు ఆలస్యమన్నారు. ఆమె పెట్టె మీద కూచుని, ఒళ్ళో ఇన్లాండ్ లెటరు పరుచుకుని, 'ఒసే భ్రమరా' అని మొదలుపెట్టింది.