ఆర్లీన్ మనవరాలు చదివిన శుక్రవారం

ఆ ఏడు అమెరికాలోని మిల్వాకీ ఊరంతా వోచర్ల గొడవే. సర్కారే ఫీజు కడుతుంది, పిల్లల్ని చర్చి బడికైనా పంపుకోండన్నారు. మా పన్నులతో వాళ్ల ప్రార్థనలేమిటని కొందరు, చదువెక్కడొస్తే అక్కడికే పంపుతామని కొందరు. బస్టాపుల్లో కూడా జుట్లు పట్టుకున్నంత పని చేశారు. ఆర్లీన్ ఇంట్లో ఆ గొడవ అక్కాచెల్లెళ్ల మధ్యే నడిచింది. మనవరాలు జొనెల్‌కు తొమ్మిదేళ్లొచ్చినా కూడబలుక్కుని చదవడం కూడా రాలేదు. దాంతో ఆర్లీన్ పిల్లను సర్కారు బడి మాన్పించి, పోలండు వాళ్ల క్యాథలిక్ బడిలో వేసింది. చెల్లెలు వెర్నా ఆ సర్కారు బడిలోనే టీచరు. పిల్ల మానేస్తే ఆ పిల్ల పేరున బడికొచ్చే సొమ్మూ పోతుంది. ఇంక ఊరుకుంటుందా?

"పిల్లతోపాటు మా బడి డబ్బూ పట్టుకుపోయావు. చూస్తూ ఉండు, ఏడాది తిరిగేసరికి దాన్ని క్యాథలిక్ చేసేస్తారు" అంది.

ఆర్లీన్ నిఖార్సైన బాప్టిస్టు, క్యాథలిక్ పద్ధతులు గిట్టవు. పిల్లను ప్రార్థనకు కూర్చోబెట్టొద్దని చేర్పించిన రోజే చెప్పింది. చట్టం ఆ హక్కిచ్చింది మరి. కూర్చోబెడితే ఆ రోజే మాన్పిస్తానని చెల్లెలికి మాట కూడా ఇచ్చింది. అందుకే, శుక్రవారం పూజలో జొనెల్ బైబిలు చదవబోతోందని వెర్నా ఎక్కడో విని చెప్పగానే ఆర్లీన్‌కు ఒళ్లు మండిపోయింది. పిల్లను చెయ్యి పట్టుకుని ఇంటికి తెచ్చేద్దామని ఇద్దరూ బయల్దేరారు.

బడి పక్కనున్న చర్చి తలుపు తోసిన ఆర్లీన్ గుమ్మంలోనే ఆగింది. పోలండు నుంచి వలసొచ్చిన తోళ్ల ఫ్యాక్టరీ కూలీలు చెమటోడ్చి కట్టుకున్న గుడా ఇది! తలెత్తితే మెడ పట్టేసేంత ఎత్తున గుమ్మటం. బెంచీల మీద రంగుటద్దాల వెలుగు. ఆ నిశ్శబ్దంలో పెద్ద పుస్తకం ముందు నిలబడి జొనెల్ చదువుతోంది. గడగడా చదువుతోంది! ఒక్కో మాటా గుమ్మటం దాకా వెళ్లి తిరిగొస్తుంటే ఆర్లీన్ ఒళ్లు గగుర్పొడిచింది.

నెబుకద్నెజరు అనే రాజు పేరు దగ్గర పిల్ల ఆగిపోయింది. మళ్లీ మొదలెట్టి మళ్లీ ఆగింది. ఎవరూ నోరు మెదపలేదు, అక్కడి పద్ధతే అంత. ఆర్లీన్ పెరిగిన చర్చిలో మాత్రం పిల్ల తడబడితే చూస్తూ ఊరుకునేవాళ్లు ఉండరు.

"తొందరేం లేదమ్మా, నిదానంగా కానీ" అనేసింది గట్టిగా.

తలలన్నీ ఇటు తిరిగాయి. ఆర్లీన్ సిగ్గుతో చచ్చిపోయింది. అంతలో పక్కనుంచి వెర్నా గొంతు: "నీకొచ్చు తల్లీ, చదువు."

జొనెల్ ఊపిరి పీల్చుకుని ఆ పేరు పలికింది. ఆగకుండా చివరిదాకా చదివేసింది. ముందు బెంచీలో ఉన్న పోలండు ముసలమ్మ కళ్లద్దాలు తీసి తుడుచుకుంది.

పూజయ్యాక పిల్ల బెదురుతూ వచ్చింది. "నేనే అడిగానమ్మమ్మా, అందరి ముందూ చదవాలని. మాన్పించేస్తావా?"

ఆర్లీన్ చెల్లెలి వైపు చూసింది. మాటిచ్చింది ఆమెకే కదా.

"ఉండనీ అక్కా" అంది వెర్నా. ఆమె కన్నీళ్లు ధారలు కడుతున్నాయి. "మా క్లాసులో చదవలేని పిల్లలు ఇంకా బోలెడుమంది. వాళ్లకు ప్రత్యేకంగా చదవడం నేర్పే టీచర్ని ఈ ఏడు తీసేశారు, డబ్బు లేదని."

మా బడి డబ్బూ పట్టుకుపోయావన్న చెల్లెలి మాట ఆర్లీన్‌కు గుర్తొచ్చింది. ఒక చేత్తో మనవరాలిని, ఇంకో చేత్తో చెల్లెల్ని పట్టుకుని అలాగే నిలబడిపోయింది.