కండక్టరమ్మ నీడ నిలబడిన రోజు

పొద్దున్నే బస్సు డిపో గేటు దాటేసరికి కండక్టరమ్మ భుజానికి సంచీ, మెడలో విజిలు, చేతిలో టికెట్ల మిషనూ ఉంటాయి. ఆవిడ నీడ మాత్రం అప్పటికే వెనక మెట్టు మీద చతికిలబడి ఉంటుంది. నొప్పి ఎక్కువున్న రోజైతే సీట్ల మధ్య దారిలో అడ్డంగా పడుకుంటుంది. ఎక్కేవాళ్ళు దాన్ని దాటుకుని వెళతారు. "చూసి అడుగెయ్యండి, నీడ పడుకుంది" అని డ్రైవరు అద్దంలోంచి హెచ్చరిస్తాడు, మెట్టు విరిగిందని చెప్పినంత మామూలుగా. ఆవిడేమో నిటారుగా నిలబడి టికెట్లు కొడుతూ పోతుంది.

ఆ నొప్పికి ఒక చోటంటూ లేదు. నిన్న మెడ, ఇవాళ మోకాళ్ళు, రేపు ఎక్కడో దాని ఇష్టం. తల దువ్వుకుందామంటే చెయ్యి మొరాయిస్తుంది. రాత్రంతా నిద్రపోయి లేచినా, బస్తాలు మోసి అప్పుడే దింపినట్టుంటుంది ఒళ్ళు. ఉన్నట్టుండి బుర్ర మసకేసి, రోజూ వచ్చే స్టాపు పేరే నోటికి రాదు. రక్తం తీయించింది, ఎక్స్‌రేలు తీయించింది. ఏది చూసినా అంతా భేషుగ్గా ఉంది. ఒక డాక్టరు బలానికి సిరప్పు రాశాడు. ఇంకొకాయన గొంతు మెత్తగా చేసుకుని "ఇంట్లో ఏమైనా గొడవలా అమ్మా?" అని అడిగాడు. ఆడదానికి ఎక్కడ నొప్పెట్టినా దాని వేరు అత్తగారి దగ్గరే ఉంటుందని ఏ వైద్యగ్రంథంలో రాశారో గానీ, చాలామందికి ఆ పేజీ ఒక్కటే కంఠతా వచ్చు. ఆ పరీక్ష గదుల్లో నాలుగు వైపులా ట్యూబులైట్లు. నీడ పడే చోట్లు కావవి.

అత్తగారు ఈ మాట విని భగ్గుమంది. "నేనా గొడవ? ఒక్క పూట నా నోట్లో నోరు పెట్టి చూడమను ఆ డాక్టర్ని, గొడవంటే ఏంటో తెలుస్తుంది."

ఆవిడకి కోడలి మీద జాలే. కోపమంతా నీడ మీద. ఇల్లు ఊడుస్తూ "లేవే, బద్ధకపుదానా, నువ్వు పడుకోబట్టే అదిలా అయింది" అని చీపురుతో దాన్నొక పోటు పొడిచేది.

ఆ ఏడాది ఆరోగ్యశాఖకి మంచి బుద్ధి పుట్టింది. ఒళ్ళంతా నొప్పులుగా ఉండి ఏ పరీక్షకీ దొరకని ఈ జబ్బుకి ఫైబ్రోమయాల్జియా అని పేరుందనీ, అది నాటకం కాదనీ, పూర్తిగా పోకపోయినా అదుపులో పెట్టొచ్చనీ అందరికీ చెప్పమని పైనుంచి ఉత్తర్వులొచ్చాయి. డాక్టర్లకి శిక్షణ. పెద్దాసుపత్రిలో గురువారం గురువారం అందుకోసమే ఒక గది. గోడల నిండా పోస్టర్లు. పోస్టరు మీద నడుము పట్టుకుని పళ్ళన్నీ కనపడేలా నవ్వుతున్న అందమైన అమ్మాయి. నడుం నొప్పితో అలా నవ్వే మనిషిని ఆ బొమ్మ వేయించినవాడు ఎక్కడ చూశాడో!

జనం దాన్ని నొప్పుల మందు ప్రకటన అనుకున్నారు. బస్టాండులో పోస్టర్లు అంటిస్తున్న ఆరోగ్య కార్యకర్త చుట్టూ మూగిపోయారు. "ఉచితమటగా? ఇంటికొక డబ్బానా, మనిషికొకటా?" అని ఒకటే రొద. ఆ పిల్ల చెప్పీ చెప్పీ గొంతు పోగొట్టుకుని కండక్టరమ్మ బస్సెక్కి కూలబడింది. కాళ్ళ దగ్గర పడుకునున్న నీడని చూసింది.

"ఎన్నాళ్ళ నుంచి ఇలా పడుకుంటోందక్కా?"

"పడుకున్న రోజులెవరు గుర్తు పెట్టుకుంటారమ్మా. నిలబడ్డ రోజులు కావాలంటే చెప్తాను."

"గురువారం గదికి రా. డబ్బాలైతే ఇవ్వం, ముందే చెప్తున్నా."

వెళ్ళింది. ఆ గదిలో డాక్టరు నొక్కి చూశాడు, నోరు మూసుకుని విన్నాడు. రెండోదే అరుదైన వైద్యం. మాత్రలు రాసి, రోజూ కాస్త కాస్త పెంచుతూ నడవమన్నాడు, నిద్రకి వేళ పెట్టుకోమన్నాడు, పగలంతా కుదుపుల్లో నిలబడే పని మాత్రం మానుకోమన్నాడు.

ఆ మాటే పట్టుకుని కండక్టరమ్మ బుకింగ్ కౌంటరులో పని ఇప్పించమని డిపో మేనేజరుని అడిగింది. ఆయన నవ్వాడు. "ఒళ్ళు నొప్పులు నాకు మాత్రం లేవా? మెడికల్ బోర్డు ఔనంటే కౌంటరు ఇస్తాను. కాదంటే మాత్రం నువ్వు పెట్టిన సెలవులన్నీ ఎగ్గొట్టినట్టే. ఉద్యోగం మీద ఆశ వదులుకో."

ఇల్లు నడిచేది ఆ ఉద్యోగం మీదే.

బోర్డు ముందుకి వెళ్ళాల్సిన రోజు కండక్టరమ్మ నిద్రలేచి చెయ్యెత్తింది. లేచింది. మెడ తిప్పింది. తిరిగింది. ఎక్కడా నొప్పి లేదు. భయంతో నేల వైపు చూసింది. నీడ కరెంటు స్తంభంలా నిటారుగా నిలబడి ఉంది.

అత్తగారు నెత్తి కొట్టుకుంది. "ఇన్నాళ్ళూ పడి దొర్లావు కదే, ఇవాళే దొరికిందా నీకు పౌరుషం? కూర్చో. చెప్తుంటే నీక్కాదూ, కూర్చో!"

"వదిలెయ్యండి అత్తయ్యా. అది అబద్ధమాడదు."

"నువ్వైనా ఆడు మరి. కాస్త కుంటు."

బోర్డు గదికి పెద్ద కిటికీ ఉంది. ఎండ బల్ల దాటి నేలంతా పరుచుకుంది. ముగ్గురు డాక్టర్లలో పెద్దావిడ జుట్టు పొట్టిగా, మాట అంతకన్నా పొట్టిగా ఉన్న మనిషి.

"ఇవాళ నొప్పి ఎలా ఉంది?"

అబద్ధం నాలుక చివరిదాకా వచ్చింది. తోడొచ్చి వెనక నిలబడ్డ అత్తగారు గిల్లింది కూడా. "ఇవాళ లేదు మేడమ్. ఇవాళ ఒక్కరోజే లేదు."

శిక్షణకి వెళ్ళొచ్చిన కుర్ర డాక్టరు గొంతు సవరించుకున్నాడు. "ఇది ఇలాగే వచ్చిపోతుంటుంది మేడమ్. ఒక్కరోజు చూసి తేల్చెయ్యొద్దని చెప్పారు."

"చెప్తారు. నొప్పన్నాక ఎక్కడో ఒకచోట కనపడాలి కదా? పొద్దున్నుంచి వార్డుల్లో నేనూ నిలబడే ఉన్నాను. నేనడిగానా కౌంటరు?" అంటూ పెద్ద డాక్టరు లేచి, కిటికీ దగ్గరికి వెళ్ళి నిలబడింది.

ఆవిడ నీడ నేల మీద పడింది. ఒక్క క్షణం ఆగింది. తర్వాత గోడ పట్టుకుని మెల్లగా జారి కూర్చుండిపోయింది. కండక్టరమ్మ నీడ చప్పున వంగి, దాని మోచెయ్యి పట్టుకుని తన కాళ్ళకి ఆనించుకుంది. టీ తెచ్చిన బంట్రోతు రెండు నీడల్నీ తొక్కకుండా చుట్టు తిరిగి, కప్పులు బల్ల మీద పెట్టి వెళ్ళాడు.

కండక్టరమ్మ గొంతు తగ్గించి అడిగింది. "మెట్లెక్కేటప్పుడా మేడమ్, దిగేటప్పుడా?"

పెద్ద డాక్టరు కిటికీలోంచి బయటికి చూస్తూనే అంది. "దిగేటప్పుడు."

"తల దువ్వుకునేటప్పుడు?"

"అందుకే కత్తిరించేశాను."

"ఎవరికీ చెప్పలేదా?"

"ఏమని చెప్పను? నా రిపోర్టులు నేనే చూసుకున్నాను. అన్నీ బాగున్నాయి."

అత్తగారు ఇక ఉండలేకపోయింది. "కూర్చో తల్లీ. కుర్చీ నీదేగా, కాదనేదెవరు."

పెద్ద డాక్టరు వచ్చి కూర్చుంది. వెనక్కి వాలి, చెప్పులు విడిచి, పాదాలు చల్లటి నేలకి ఆనించింది.

"బుకింగ్ కౌంటరులో వెయ్యాలని రాయండి" అంది కుర్ర డాక్టరుతో. "నొప్పి లేని రోజున చూసే ఇస్తున్నామని కూడా రాయండి. తర్వాత వచ్చేవాళ్ళకి పనికొస్తుంది."

కండక్టరమ్మ గుమ్మం దాటబోతుంటే పెద్ద డాక్టరు వెనకనుంచి పిలిచింది.

"ఆ గురువారం గదికి... ఎప్పుడెళితే రద్దీ ఉండదు?"

"రద్దీ ఎప్పుడూ ఉంటుంది మేడమ్" అంది కండక్టరమ్మ. "పెందలాడే వచ్చెయ్యండి. బెంచీ మీద నా పక్కన చోటు ఆపి ఉంచుతాను."