ఫోను తీసినవారి సంతకం

ఆ బీమా కంపెనీ న్యాయవిభాగంలో ఒక ఆచారం ఉంది. ఏ కేసు గురించైనా బయటి లాయరు తన అభిప్రాయం ముందు ఫోనులోనే చెప్తాడు. నచ్చితే "ఉత్తరం పంపండి" అంటారు. నచ్చకపోతే "ఇంకోసారి ఆలోచించి చెప్పండి" అంటారు. లాయరుగారు ఆలోచిస్తారు. ఎందుకాలోచించరు, ఫీజు పుచ్చుకునేది వీళ్ల దగ్గరే కదా! ఫోను తీసినవారు మాత్రం విన్నది పచ్చ కాగితం మీద రాసి సంతకం పెట్టాలి, ఆ మాటకి పూచీ వాళ్లదే. ఇరవై ఏళ్లుగా ఆ ఫోను తీసేది పెద్దాయనే. విభాగానికి అధిపతి, ఇంకో రెండు నెలల్లో రిటైరవుతున్నాడు.

ఆ ఉదయం పదిన్నరకి ఆయన ఉన్నట్టుండి కుర్చీలోంచి లేచాడు.

"అమ్మాయ్, కిందికెళ్లి కాఫీ తాగొస్తా. ఫోనొస్తే తియ్యి."

అమ్మాయంటే పసిపిల్లేమీ కాదు, ముప్పై నాలుగేళ్ల మనిషి. ఆఫీసంతా చిన్న లాయరమ్మ అంటారు. తొమ్మిదేళ్లుగా ఆయన దగ్గరే పని నేర్చుకుంది. వార్షిక నివేదికలో ఎవరూ చదవని చివరి పేజీల్లో, కంపెనీ మీదున్న కేసుల గురించి రాసేది ఆమే. ఓడిపోయే అవకాశం "చాలా తక్కువ" అయితే ఒక్క వాక్యంతో సరి. "ఎక్కువ" అయితే మాత్రం ఆ నష్టాన్ని ఈ ఏటి లాభంలోంచి ఇప్పుడే తీసి చూపించాలి. వాటాదారుల కేసుకి మూడేళ్లుగా ఒక్క వాక్యమే. నిరుటి వాక్యం తెచ్చి అతికించడం, తేదీ మార్చడం, అంతే పని.

కేసు మాత్రం చిన్నది కాదు. వరదల్లో ఇళ్లు పోయినవాళ్ల క్లెయిముల్ని కంపెనీ కట్టలకు కట్టలు తోసిపుచ్చి, అలా మిగిలిన డబ్బుని లాభమని చూపించింది. ఆ లాభం చూసి జనం వాటాలు కొన్నారు. తర్వాత కోర్టులు ఆ క్లెయిములన్నీ కట్టి తీరాలనేసరికి వాటా సగానికి పడింది. నట్టేట మునిగినవాళ్లంతా కలిసి కేసు వేశారు.

ఆమె బాబాయి ఇంకా మునగలేదు. దర్జీ పని మానేసి, మిషన్లూ కొట్టూ అమ్మగా వచ్చినదంతా, వాటా పడ్డాక చవగ్గా ఉందని, ఆమె మాట మీదే ఈ వాటాల్లో పెట్టాడు. పొద్దున బస్సులో ఉండగా ఫోన్ చేశాడు. "మీ కేసేమవుతుందే తల్లీ? ఉంచుకోనా, అమ్మెయ్యనా?" "ఏం కాదు బాబాయ్, ఉంచుకో" అంది. చిలకపలుకులా తను రాసే వాక్యాన్నే అప్పజెప్పింది.

ఫోను మోగింది.

"పెద్దాయన లేరా?" అన్నాడు బయటి లాయరు.

"కిందికెళ్లారండీ. నాతో చెప్పండి."

"సరే, రాసుకోండమ్మా. కంపెనీ లోపలి ఉత్తరాలు వాళ్లకి చిక్కాయి. 'ముందు కాదనండి, ఎంతమంది కోర్టుకెళ్తారో చూద్దాం' అని మనవాళ్లే రాసుకున్నారు. ఓడిపోయే అవకాశం ఎక్కువ. తక్కువని నేనింక చెప్పలేను."

ఆమె విన్నది విన్నట్టు రాసింది. సంతకం దగ్గరికొచ్చేసరికి కలం ఆగింది. పెద్దాయన చేత డాక్టరు కాఫీ మాన్పించి ఆరేళ్లయింది. ఆ సంగతి అప్పుడు గుర్తొచ్చింది. ఒళ్లు మండిపోయింది. తొమ్మిదేళ్లు గురువని నమ్మిన మనిషి తడిగుడ్డతో గొంతు కోశాడు. ఆ కోపంతోనే బరబరా సంతకం పెట్టేసింది.

పెద్దాయన తిరిగొచ్చాడు.

"తెలిసే వెళ్లారు కదూ?"

"లాయరు నిన్న చూచాయగా చెప్పాడే. భయమేసింది."

"మీకు భయమేస్తే నన్ను ఇరికిస్తారా?"

జవాబు రాకముందే ఫైనాన్స్ డైరెక్టరు తోసుకొచ్చాడు. నివేదిక ఒంటిగంటకి అచ్చుకి పోవాలి, పక్కగదిలో బయటి ఆడిటరమ్మ ఆ వాక్యానికి ఆధారంగా పచ్చ కాగితం చూడాలని కూర్చుని ఉంది. డైరెక్టరు బల్ల మీది పచ్చ కాగితం తీసి చదివాడు. దాన్ని నాలుగు ముక్కలు చేసి జేబులో వేసుకున్నాడు.

"స్పీకరు పెట్టి మళ్లీ చెయ్యండి. ఈసారి మీరు రాయండి" అని పెద్దాయనతో అన్నాడు. లాయరు లైన్లోకి రాగానే, "ఇంకోసారి ఆలోచించి చెప్పండి సార్. వచ్చే ఏడు మన కేసులు ఎవరికివ్వాలా అని నేనూ ఆలోచిస్తున్నా" అన్నాడు.

ఫోనులో నిట్టూర్పు వినిపించింది. "చాలా తక్కువని రాసుకోండి."

పెద్దాయన రాశాడు. సంతకం పెట్టాడు. చిన్న లాయరమ్మకి ఆయన్ని చూస్తే అసహ్యం వేసింది, జాలీ వేసింది.

ముగ్గురూ పక్కగదికి వెళ్లారు. ఆడిటరమ్మ కాగితం చదివి, ఏటా అడిగే ప్రశ్నే అడిగింది.

"ఈ కేసు మీద లాయరు చెప్పింది ఇదొక్కటేనా?"

"ఇదొక్కటే" అన్నాడు డైరెక్టరు.

చిన్న లాయరమ్మ ఆ కాగితం వైపు చూసింది. నోరు విప్పితే సాయంత్రానికి ఉద్యోగం ఉండదు. పైగా రుజువు డైరెక్టరు జేబులో ముక్కలై ఉంది. విప్పకపోతే బాబాయి లాంటివాళ్లు ఇంకో ఏడాది ఆ వాక్యాన్ని నమ్ముకుంటారు.

"కాదండీ. అంతకుముందు ఇంకో ఫోనొచ్చింది. ఓడిపోతామన్నారు."

డైరెక్టరు నవ్వాడు. "కాగితమేదీ? ఏ ఫోనొచ్చినా రాసి సంతకం పెట్టడం ఇక్కడి పద్ధతి. చూపించమనండి. లేని ఫోను పుట్టించినవాళ్ల మీద ఏం చర్య తీసుకోవాలో నాకు తెలుసు."

ఆడిటరమ్మ కళ్లజోడు తీసింది. "ఆ ఫోను ఎవరు తీశారు?"

"నే..."

"నేను తీశాను" అన్నాడు పెద్దాయన.

అందరూ ఆయన వైపు తిరిగారు. ఆయన మొహం పాలిపోయింది, గొంతు మాత్రం తొణకలేదు.

"రెండూ నేనే తీశాను. మొదటిసారి ఓడిపోతామన్నాడు. బెదిరిస్తే రెండోసారి తక్కువన్నాడు. ఈ అమ్మాయి ఫోను ముట్టుకోలేదు. నేను చెబితేనే తనకి తెలిసింది."

"మీ పెన్షన్ సంగతి ఆలోచించే మాట్లాడుతున్నారా?" అన్నాడు డైరెక్టరు.

"ఇరవై ఏళ్లుగా అదే ఆలోచించాను."

"కాదండీ, ఆ ఫోను..." అంటూ చిన్న లాయరమ్మ ముందుకొచ్చింది. పెద్దాయన తొమ్మిదేళ్లలో ఎప్పుడూ లేనంత గట్టిగా కసిరాడు.

"నోర్మూసుకుని కూర్చో!"

ఆమె కూర్చుంది. ఏడుపు ఆపుకుందామన్నా ఆగలేదు.

పెద్దాయన కుర్చీ లాక్కుని ఆడిటరమ్మకి ఎదురుగా కూర్చున్నాడు. "ఈ కేసొక్కటే కాదమ్మా. ఏయే కేసుకి రెండేసి ఫోన్లు వచ్చాయో అన్నీ చెప్తాను. రాసుకోండి."